చిలకలూరిపేట అనడం ఎంత కష్టమో తెలుసా?

ఒకసారి పైకే అనండి: చిలకలూరిపేట. ఎవరూ చూడట్లేదులెండి, ఇంకోసారి అనండి. ఈసారి నెమ్మదిగా.

'చి' దగ్గర నాలుక పైకి లేచి అంగిలికి తగులుతుంది. 'ల'కి కొన పళ్ల వెనక్కి చేరుతుంది. 'క'కి కొన కాదు, నాలుక వెనక భాగం లేవాలి. 'లూ'కి మళ్లీ కొన, పైగా పెదాలు గుండ్రంగా ముడుచుకోవాలి. 'రి'కి కొన ఒక్క దెబ్బ కొట్టి వదిలేయాలి. 'పే'కి పెదాలు మూసి తెరవాలి. 'ట'కి నాలుక వెనక్కి మడత పడాలి. గొంతు ఎప్పుడు మోగాలి, ఎప్పుడు ఆగాలి అన్న లెక్క వేరే ఉంది. ఇదంతా మీరు రెండు సెకన్లలోపు చేసేశారు, ఒక్క ముక్క కూడా ఆలోచించకుండా.

ఈ పని చేసేది నాలుక కాదు, మెదడు. ఏ కండరం, ఎప్పుడు, ఎంతసేపు, ఏ వరసలో కదలాలో అది ముందే ప్లాన్ వేసి పంపిస్తుంది. ఆ ప్లాన్ వేయడంలోనే ఇబ్బంది ఉన్న పిల్లలు కొందరు ఉంటారు. వాళ్లకి ఏం చెప్పాలో తెలుసు. మనం చెప్పింది అర్థమవుతుంది. నాలుకకి పక్షవాతం లేదు, కండరాల్లో నీరసం లేదు. కానీ మాట బయటికి వచ్చేసరికి వరస తప్పుతుంది. దీన్ని 'చైల్డ్‌హుడ్ అప్రాక్సియా ఆఫ్ స్పీచ్' అంటారు. కోడ్ రాసేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, హార్డ్‌వేర్ బాగానే ఉంది, ఇన్‌పుట్ సరిగ్గానే అందుతోంది, మధ్యలో షెడ్యూలర్ తడబడుతోంది.

ఉద్యోగాల పేజీలో ఈ గొడవేంటి అనుకుంటున్నారా? ఈ పిల్లలకు మాట నేర్పేవాళ్లు కావాలి. వాళ్లు తెలుగువాళ్లయి ఉండాలి. పేట లాంటి ఊళ్లలో వాళ్లు దొరకడం కష్టం. మీలో ఇంటర్ పూర్తిచేసి ఈఏపీసెట్ ర్యాంకు చూసుకుని దిగులుపడేవాళ్లూ ఉంటారు, బీటెక్ చివరి ఏడాదిలో ఉండి 'ఇప్పుడేంటి' అనుకునేవాళ్లూ ఉంటారు. ఇద్దరికీ ఇందులో పనికొచ్చే విషయం ఉంది. ఒక మోసం గురించి హెచ్చరిక కూడా ఉంది, అది చివరిదాకా చదివితే తెలుస్తుంది.

మొండితనం కాదు

మామూలుగా మూడున్నరేళ్ల పిల్లాడు మన ఊరి పేరు 'తిలకలూలిపేత' అంటాడు. చ బదులు త, ర బదులు ల, ట బదులు త. పది సార్లు అడిగితే దాదాపు పది సార్లూ అదే అంటాడు. తప్పుకి ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి వయసుతో సర్దుకుంటుంది.

అప్రాక్సియా ఉన్న పాప అలా కాదు. మొదటిసారి 'తిలపే' అనొచ్చు, రెండోసారి 'కిలూతా', మూడోసారి నోరు తెరిచి వెతుక్కుని ఆగిపోవచ్చు. అమెరికాలో స్పీచ్ థెరపిస్టుల సంఘం 'ఆషా' 2007లో ఇచ్చిన నివేదిక ఈ సమస్యకు మూడు ప్రధాన గుర్తులు చెప్పింది. ఒకే మాటను మళ్లీ మళ్లీ అనిపిస్తే హల్లులూ అచ్చులూ ఒక్కోసారి ఒక్కోలా తప్పడం మొదటిది. ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి మారేటప్పుడు సాగదీతలు, తెగిపోవడాలు రెండోది. మాటలో సహజమైన ఎత్తుపల్లాలు లేకపోవడం మూడోది. చి, ల, క అంటూ రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌లా అక్షరాలు విడివిడిగా పడతాయన్నమాట.

ఇంకో చిత్రం ఉంది. కింద పడినప్పుడు 'అమ్మా' అని గట్టిగా, స్పష్టంగా అనేస్తుంది. చుట్టాల ముందు 'అమ్మా అనమ్మా' అని అడిగితే రాదు. అప్రయత్నంగా వచ్చేది వేరు, కావాలని అనాల్సింది వేరు. ఇది తెలియక ఇళ్లలో జరిగేదేంటో మీకు చెప్పక్కర్లేదు. 'అనగలదు, మొండికేస్తోంది' అంటారు. బెదిరిస్తారు, 'అంటేనే చాక్లెట్ ఇస్తా' అంటారు. రెండేళ్లు ఇలా గడిచేసరికి పిల్ల ప్రయత్నించడమే మానేస్తుంది. నా లెక్కలో సమస్య కంటే ఇదే పెద్ద నష్టం.

మన వైపు మాటలు ఆలస్యమైతే ముందు వినపడేది వసకొమ్ము. ఎక్కువ మాట్లాడేవాణ్ని 'నీకు వస బాగా పోశార్రా' అంటాం కదా, ఆ నమ్మకం అక్కడిదే. ఆ తర్వాత నాలుక కింద పొర కోయించడం. ఆ పొర బిగుసుగా ఉంటే పాలు తాగడానికి ఇబ్బంది కావచ్చు, ఒకటి రెండు శబ్దాలు పలకడం కష్టం కావచ్చు. అంతేకానీ మాటలే రాకుండా పోవు. మూడోది 'వాళ్ల నాన్నకీ ఐదేళ్లకే వచ్చాయి'. వంశంలో ఉండటం అబద్ధం కాదు. లండన్‌లో ఒకే కుటుంబంలో మూడు తరాల్లో దాదాపు సగం మందికి ఈ ఇబ్బంది ఉంటే, శాస్త్రవేత్తలు వెతికి 2001లో ఫాక్స్‌పీ2 అనే జన్యువులో మార్పును పట్టుకున్నారు. కాకపోతే వంశంలో ఉంటే ఇంకా ముందుగా చూపించుకోవాలి, ఆగడం కాదు.

చూపించుకోవడం అంటే ముందు వినికిడి పరీక్ష. ఆ తర్వాతే స్పీచ్ థెరపిస్ట్. మూడేళ్లలోపు అప్రాక్సియా అని గట్టిగా తేల్చడం కష్టం, ఎందుకంటే పోల్చి చూడటానికి పిల్ల నోట్లో తగినన్ని మాటలు ఉండాలి. పేరు పెట్టేదాకా థెరపీ ఆపక్కర్లేదు.

ఎంతమంది ఉంటారు? నిపుణులు చెప్పే అంచనా వెయ్యిమంది పిల్లల్లో ఒకరో ఇద్దరో. 2011 జనాభా లెక్కల్లో చిలకలూరిపేట పట్టణ జనాభా సుమారు లక్ష. అందులో పావువంతు పిల్లలనుకుంటే ఒక్క పేటలోనే పాతిక నుంచి యాభై మంది. చుట్టుపక్కల పల్లెలు ఇందులో లేవు. పైగా ఇది అప్రాక్సియా ఒక్కటే. నత్తి, వినికిడి లోపం, ఆటిజం, గ్రహణం మొర్రి, పెద్దవాళ్లలో పక్షవాతం తర్వాత మాట పోవడం, ఇవన్నీ కలిపితే ఒక థెరపిస్ట్‌కి ఊళ్లో చేతినిండా పని.

నూరుసార్లు 'బువ్వ'

థెరపీ గది అంటే మందులూ మెషీన్లూ ఊహించుకోకండి. చాప, కొన్ని బొమ్మలు, ఎదురెదురుగా ఇద్దరు. అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన ఈడిత్ స్ట్రాండ్ తీర్చిదిద్దిన డీటీటీసీ అనే పద్ధతి తీసుకుందాం. మొదట పిల్ల థెరపిస్ట్ ముఖం చూస్తూ, ఆవిడతో పాటే, బాగా నెమ్మదిగా మాట అంటుంది. ఇద్దరి నోళ్లూ ఒకేసారి కదలాలి. అది కుదిరాక థెరపిస్ట్ ముందు అంటుంది, పిల్ల వెంటనే అంటుంది. తర్వాత మధ్యలో రెండు మూడు సెకన్లు ఆగి అనిపిస్తుంది. చివరికి ఎవరూ అనకుండానే, బొమ్మ చూసి తనంతట తనే అనాలి. తప్పితే ఒక మెట్టు దిగుతారు, వస్తే ఒక మెట్టు ఎక్కుతారు. ఒక్క సెషన్లోనే ఇలా డజన్ల సార్లు ఎక్కి దిగుతుంటారు.

ఇక్కడ పనిచేసేది క్రికెట్ నెట్స్‌లో పనిచేసే సూత్రమే. ఎక్కువ బంతులు ఆడినవాడికి చెయ్యి అలవాటు పడుతుంది. ఒక సెషన్లో పిల్ల నోట నూరుసార్లకు పైగా మాట పలికిస్తే, ముప్పై నలభై సార్లు పలికించినదానికంటే ఫలితం మెరుగ్గా ఉందని పరిశోధకులు చూశారు. మొదట ఒకే మాట వరసగా, తర్వాత నాలుగైదు మాటలు కలిపి. మొదట ప్రతిసారీ 'బాగుంది, పెదాలు ఇంకొంచెం మూయి' అని చెప్తారు. పోనుపోను చెప్పడం తగ్గిస్తారు, పిల్ల తన తప్పు తనే పట్టుకోవాలి కాబట్టి. సిడ్నీ విశ్వవిద్యాలయంలో పుట్టిన 'రెస్ట్' అనే పద్ధతిలోనైతే అర్థంలేని మాటలు పలికిస్తారు. అక్షరం నుంచి అక్షరానికి జారడమే అక్కడ అసలు పాఠం. దాన్నీ లండన్‌లో పుట్టిన నఫీల్డ్ పద్ధతినీ పోలుస్తూ 26 మంది పిల్లల మీద జరిపిన అధ్యయనం 2015లో వచ్చింది. మూడు వారాల్లో పన్నెండు సెషన్లు, రెండు పద్ధతులతోనూ పిల్లలు మెరుగయ్యారు.

బూరలు ఊదించడం, కొవ్వొత్తులు ఆర్పించడం, నాలుక అటూ ఇటూ తిప్పించడం మీరు వీడియోల్లో చూసే ఉంటారు. చూడ్డానికి బాగుంటాయి. అప్రాక్సియాకి అవి పనిచేస్తాయనడానికి తగిన ఆధారం లేదు. ఈత నేర్చుకోవాలంటే నీళ్లలో దిగాలి, గట్టు మీద చేతులు ఊపితే సరిపోదు. మాట రావాలంటే మాటే పలికించాలి.

ఏ మాటలు పలికించాలి అన్న దగ్గరే తెలుగువాళ్ల అవసరం తెలుస్తుంది. ఇంగ్లిష్ పుస్తకాల్లో జాబితాలన్నీ 'క్యాట్', 'కప్', 'డాగ్' లాంటివి. హల్లుతో ఆగిపోయే పొట్టి మాటలు. తెలుగు మాట సాధారణంగా అచ్చుతోనో, 'ం'తోనో ముగుస్తుంది. పొట్టి మాటల్లోనే ద్విత్వాలు కుప్పలు: అమ్మ, అక్క, అత్త, పప్పు. దీర్ఘం మారితే అర్థం మారుతుంది: పలు, పాలు. ఇంగ్లిష్ జాబితాను అనువాదం చేసుకుంటే ఇవేవీ అందులోకి రావు.

మన అమ్మమ్మలు చేసిన జాబితా ఒకటి ఉంది, ఎవరూ దాన్ని సిలబస్ అనలేదు గానీ. బువ్వ, లాల, జోజో, తాత, పాప, మామ, టాటా. చూడండి, అన్నీ రెండక్షరాలే. చాలావాటిలో ఒకే హల్లు రెండుసార్లు. నోరు ఒక్క పని నేర్చుకుని అదే మళ్లీ చేస్తే చాలు. మొదటి మెట్టుకి ఇంతకంటే మంచి మాటలు ఏ మాన్యువల్లోనూ దొరకవని నా అభిప్రాయం. వీటికి తోడు పిల్లకి రోజూ పనికొచ్చేవి ఉండాలి: రా, దా, ఇవ్వు, ఇంకా, వద్దు. 'వద్దు' అనగలిగిన పిల్ల ఏడవాల్సిన అవసరం సగం తగ్గుతుంది.

ఇంకో మాట. క చ ట త ప. 'క' నోటి వెనక, 'ప' పెదాల దగ్గర, మిగతావి మధ్యలో వరసగా. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు అని బడిలో బట్టీపట్టి పరీక్ష అయ్యాక వదిలేశాం కదా. మన వర్ణమాల నోటికి గీసిన మ్యాప్. స్పీచ్ కోర్సులో మొదటి ఏడాది ఫొనెటిక్స్ క్లాసులో తెలుగు మీడియం వాళ్లు వెనకబడాల్సిన పనే లేదు.

నలభై కిలోమీటర్ల దూరం

అప్రాక్సియాకి నెలకోసారి థెరపీ చాలదు. మొదట్లో వారానికి మూడు నుంచి ఐదుసార్లు, ఒక్కొక్కరికి విడిగా చేయాలని నిపుణుల సూచన. చిలకలూరిపేట నుంచి గుంటూరు సుమారు 40 కిలోమీటర్లు. పోను రాను 80. స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టు పనిచేసే తల్లి వారానికి మూడు రోజులు పిల్లను ఎత్తుకుని గుంటూరు బస్సెక్కితే ఆ మూడు రోజుల కూలీ పోతుంది. అరగంట సెషన్ కోసం సగం రోజు. కొన్ని వారాలకి ఎక్కడో తెగిపోతుంది. అలా మానేసినవాళ్లని చూసి 'తల్లిదండ్రులకి శ్రద్ధ లేదు' అనేవాళ్లంటే నాకు చిరాకు.

ప్రభుత్వం వైపు నుంచి ఏర్పాట్లు ఉన్నాయి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే కింద బృందాలు అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాయి. వాళ్లు చూడాల్సిన 30 రకాల సమస్యల్లో భాష ఆలస్యం కావడమూ ఉంది. అనుమానం ఉంటే జిల్లా స్థాయిలో డీఈఐసీ అనే కేంద్రానికి పంపాలి, అక్కడ స్పీచ్ థెరపీ ఉండాలి. సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో వాక్కు, భాషా వైకల్యం ఒకటి. కాగితం మీద దారి ఉంది. దారి చివర కుర్చీలో కూర్చునే మనిషి ఉండాలి కదా, ఆ మనిషి గురించే ఇప్పుడు.

బైపీసీ, ఎంపీసీ ఇద్దరికీ

కోర్సు పేరు బీఏఎస్‌ఎల్‌పీ, అంటే బ్యాచిలర్ ఇన్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. నాలుగేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఇది బైపీసీ వాళ్లకే అనుకుంటారు చాలామంది. కాదు. ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు బయాలజీ గానీ మ్యాథ్స్ గానీ చదివినా అర్హత ఉంది. శరీర నిర్మాణం ఎంత చదవాలో, ధ్వని శాస్త్రం, ఎలక్ట్రానిక్స్, స్టాటిస్టిక్స్ కూడా అంతే చదవాలి.

మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఈ రంగంలో దేశానికి పెద్ద దిక్కు. కేంద్ర ఆరోగ్య శాఖ కింద 1960ల నుంచి నడుస్తోంది, ప్రవేశ పరీక్ష రాయాలి. ముంబయిలో 1983లో పెట్టిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకి సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ పేరు గల పెద్దమనిషి హైదరాబాదీయే, ఉస్మానియాకి వైస్ చాన్సలర్‌గా చేసి, తర్వాత మహారాష్ట్ర గవర్నర్ అయ్యారు. సికింద్రాబాద్‌లోనే స్వీకార్ సంస్థ ఉంది. తిరువనంతపురంలో నిష్ ఉంది. ఏ కాలేజీ అయినా సరే, చేరబోయే విద్యాసంవత్సరానికి ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీ కళ్లతో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. కోర్సు అయ్యాక అక్కడ పేరు నమోదు చేసుకుంటే సీఆర్‌ఆర్ నంబరు వస్తుంది. ఆ నంబరే మీ లైసెన్సు.

ముందు చెప్పిన హెచ్చరిక ఇక్కడిది. 'స్పీచ్ థెరపిస్టులు కావలెను. ఏ డిగ్రీ అయినా సరే. శిక్షణ మేమే ఇస్తాం' అనే ప్రకటనలు మీ ఫోన్‌కి వచ్చే ఉంటాయి. వారం రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్, మెడలో ఐడీ కార్డు, సోమవారం నుంచి పిల్లలు. ఉద్యోగం లేక ఖాళీగా ఉన్నప్పుడు ఇది వరంలా కనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ 1992 నాటి ఆర్‌సీఐ చట్టం 13వ సెక్షన్ ప్రకారం గుర్తింపు ఉన్న అర్హత, రిజిస్టర్‌లో పేరు లేకుండా ఈ వృత్తి చేయడం నేరం. ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జరిమానా చూసి నవ్వుకోకండి. కేసు పడితే పేరు ఉండేది సెంటర్ యజమానిది కాకపోవచ్చు, గదిలో కూర్చుని థెరపీ చేసిన మీది కావచ్చు. అంతకంటే ముఖ్యం, మీ ఎదురుగా కూర్చున్న నాలుగేళ్ల పిల్లకి ఆ ఏడాది మళ్లీ రాదు. కుటుంబం డబ్బు కడుతూ ఉంటుంది, ఊదుడు బూరలు మోగుతూ ఉంటాయి. అలాంటి చోట రిసెప్షన్‌లోనో అకౌంట్స్‌లోనో పనిచేయండి, తప్పులేదు. థెరపిస్ట్ అని బోర్డు మాత్రం పెట్టుకోవద్దు.

బీఏఎస్‌ఎల్‌పీ తర్వాత ఆస్పత్రుల ఈఎన్‌టీ విభాగాలు, డీఈఐసీ కేంద్రాలు, ప్రత్యేక పాఠశాలలు, వినికిడి యంత్రాల కంపెనీలు, సొంత క్లినిక్ ఉన్నాయి. ప్రభుత్వ పోస్టుల్లో చాలావరకు జాతీయ ఆరోగ్య మిషన్ కింద కాంట్రాక్టు పద్ధతిలో వచ్చేవే, అది తెలిసి దిగండి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ ఆఫర్ లెటర్‌లా మెరుస్తుందని నేను చెప్పను. అమెరికా ఆలోచన ఉన్నవాళ్లకి అక్కడ ఈ పని చేయాలంటే మాస్టర్స్, రాష్ట్ర లైసెన్సు రెండూ కావాలి, మన డిగ్రీ ఒక్కటే చాలదు.

మరి బీటెక్ వాళ్లు?

బీటెక్ చేసి నేరుగా స్పీచ్ పాథాలజీ ఎమ్మెస్సీలో చేరడం కుదరదు, దానికి బీఏఎస్‌ఎల్‌పీ ఉండాల్సిందే. డిగ్రీ ఉన్నవాళ్లు ప్రత్యేక విద్యలో రెండేళ్ల బీఎడ్ చేసి టీచర్ కావచ్చు, అది వేరే దారి, ఆర్‌సీఐ నమోదు దానికీ ఉంది. అలా కాకుండా మీ పని మీరు చేస్తూనే ఈ రంగానికి పనికొచ్చే దారి ఇంకోటి ఉంది.

మీ ఫోన్‌లోని వాయిస్ టైపింగ్ ముందు నాలుగేళ్ల పిల్లను కూర్చోబెట్టి చూడండి. తడబడుతుంది. పిల్లల గొంతు కీచుగా ఉంటుంది, స్వరనాళం పొట్టిది, ఈ సిస్టమ్స్ ఎక్కువగా నేర్చుకున్నది పెద్దవాళ్ల మాట నుంచి. అంతకంటే పెద్ద చిక్కు, అవి తప్పును సరిదిద్దేస్తాయి. పిల్ల 'తిలపే' అంటే అది 'చిలకలూరిపేట' అని రాసి పెట్టిందనుకోండి, మనం మెచ్చుకుంటాం, థెరపిస్ట్‌కి మాత్రం అది పనికిరాదు. ఆవిడకి కావాల్సింది పిల్ల ఏం చెప్పబోయింది అని కాదు, నోటి నుంచి అచ్చంగా ఏం వచ్చింది అని. 2022లో వచ్చిన భాషిణి, ఐఐటీ మద్రాసులో ఏఐ4భారత్ తెలుగుతో సహా మన భాషల మీద పనిచేస్తున్నాయి. హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీలో స్పీచ్ మీద పరిశోధన ఏళ్లుగా నడుస్తోంది. పిల్లల తప్పు మాటను తప్పుగానే రాసే పని మీద ఆసక్తి ఉంటే చేయాల్సింది చాలా ఉంది.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఫేస్ అటెండెన్స్ సిస్టమ్ ఇంకోసారి చేయకండి, దయచేసి. అచ్చు ఎంత సాగింది, అక్షరాల మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవడానికి ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో తయారైన ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ రాత్రే దింపుకోవచ్చు. ఇంట్లో తల్లి చేయించే సాధనలో పిల్ల మాటను ఎన్నిసార్లు అన్నదో లెక్కపెట్టే చిన్న యాప్ చాలు, అది నెట్ లేకుండా పాత ఫోన్‌లో నడవాలి. అక్షరాల వరస కష్టాన్ని బట్టి మెట్లుగా పేర్చిన, బొమ్మలున్న తెలుగు మాటల పట్టిక చేస్తే థెరపిస్టులు దాన్ని రేపే వాడుకుంటారు. దీనికి తెలుగు ఎంఏ చదివే స్నేహితుణ్ని కలుపుకోండి. మాట ఇంకా రాని పిల్లలకి బొమ్మలు నొక్కితే పలికే యాప్‌లున్నాయి, చెన్నైలో పుట్టిన అవాజ్ అలాంటిదే. 'యాప్ ఇస్తే మాట్లాడటం మానేస్తుందేమో' అని పెద్దవాళ్లు భయపడతారు, అలా జరగదు.

ఒక్క జాగ్రత్త. పిల్లల గొంతు రికార్డు చేసేముందు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల విషయంలో నిర్ధారించుకోదగిన అనుమతి ఉండాలంటుంది. కోడ్ మొదలెట్టకముందే మీ జిల్లా డీఈఐసీలోనో, సీఆర్‌ఆర్ నంబరున్న థెరపిస్ట్ దగ్గరో అడిగి, కుటుంబం ఒప్పుకుంటే ఒక రోజు మూల కూర్చుని చూడండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి.